పాకలో ఒక్క గుర్రానికే చోటు

మంచు కురిసే కొండ పక్కన ఒక రౌతు పాక వేసుకున్నాడు. అందులో ఒక్క గుర్రమే పడుతుంది. ముసలి గుర్రం బూది లోపల ఉండేది. కొత్తగా తెచ్చిన పిల్ల గుర్రం జింకి బయట చలికి గజగజ వణికేది. కళ్ళెం వేస్తే చాలు, బెదిరి కూలబడేది. రౌతు కొరడా ఝళిపించేవాడు.

"కళ్ళేన్ని కొరక్కు తల్లీ. మంచులో కాలు ఆనించి చూసి, అప్పుడు బరువు వెయ్యి," అంటూ బూది రోజూ పక్కన నడిచి నేర్పేది.

"బాగా నేర్చుకుంటే నాకు చలి తప్పుతుందా అవ్వా?"

"తప్పుతుంది," అనేది బూది, మొహం పక్కకి తిప్పుకుని.

జింకి రౌతును ఎక్కించుకుని, తడబడకుండా కొండెక్కి దిగింది. ఆ సాయంత్రమే అతను దాన్ని పాకలో కట్టి, బూదిని బయటికి తోలేశాడు.

"అవ్వా, ఇలా చేస్తాడని నీకు తెలుసా?" అంది జింకి తడికలోంచి.

"తెలుసమ్మా."

"మరెందుకు నేర్పావు?"

"నువ్వు దెబ్బలు తింటుంటే చూడలేకపోయాను."

జింకి ఏడుస్తూ తడికను ఫెడీఫెడీమని తన్నింది. అవతల నుంచి బూది గొంతు చలికి వణుకుతూ వినిపించింది.

"తన్నకు తల్లీ. కాలు బెణికితే రేపు నడవలేవు. అప్పుడు నిన్నూ ఇటే తోలేస్తాడు."