పాచి చెరువు తీర్పు

చెరువు తూర్పు గట్టున పచ్చగా పాచి పట్టింది. అక్కడ నీళ్లు తాగే పద్నాలుగు పక్షుల్లో పదకొండు తమ గూటి దారి మరిచిపోయాయి. పడమటి గట్టున తాగే పన్నెండింటిలో మరిచింది ఒక్కటే. ఆ పదకొండింటిలో తన అమ్మ కూడా ఉండటంతో, నూకి అనే పిచ్చుక ఈ లెక్క పట్టుకుని తీర్పులు చెప్పే పెద్దకొంగ దగ్గరికి రావడం ఇది మూడోసారి.

"వయసు మీద పడితే అంతే తల్లీ," అంది కొంగ.

"మా అమ్మకి రెండేళ్లు నిండలేదు తాతా. ఆ గట్టున తాగొద్దని చాటింపు వేయించు, చాలు."

"సరే, తీర్పు చెప్తానుండు."

తీర్పుకి ముందు గుక్కెడు నీళ్లు తాగడం కొంగల ఆచారం. అది తూర్పు గట్టు నీళ్లకే వంగింది.

"అక్కడొద్దు తాతా, నిన్నా మొన్నా ఇదే చేశావు," అని నూకి తల పట్టుకుంది.

కొంగ తాగేసి ఆప్యాయంగా చూసింది. "ఎవరమ్మాయివే నువ్వు? ఏం పని మీద వచ్చావు?"

నూకి నిట్టూర్చి మళ్లీ మొదలుపెట్టింది.

"తూర్పు గట్టున పదిహేనింటిలో పన్నెండు తాతా. ఈసారి నిన్నూ కలిపాను."