పాత ఆయిల్ అడిగే మనిషి

స్టోర్ కీపర్ తన కారు కింద వెల్లకిలా పడుకుని బోల్టుకి స్పానర్ పట్టించేసరికి, బంపరు పక్కన రెండు కాళ్లు వచ్చి నిలబడ్డాయి.

అరిగిన కాన్వాసు బూట్లు. పక్కనే బరువుగా దిగిన గోనెసంచి.

"పాత ఆయిల్ పారబోస్తారా బాబూ? పారబోసేదైతే నాకివ్వండి."

ముసలి గొంతు. మర్యాదగా ఉంది. స్టోర్ కీపర్‌కి ఆ మర్యాదే నచ్చలేదు.

ఇరవై రెండేళ్లుగా గోడౌన్‌లో సరుకుకి కాపలా ఉన్నవాడు అతను. మెత్తగా మాట్లాడేవాళ్ల సంచులే ముందు విప్పించాలన్నది అతని అనుభవం. సొంత నీడ చేత కూడా రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని గాని ఇంట్లోకి రానివ్వడని భార్య వేళాకోళం చేస్తుంది.

ఆయిల్ ఎందుకని అడిగాడు. కావాలన్నాడు ముసలాయన. అంతే.

కాటుకలాంటి ఆయిల్ బేసిన్‌లోకి సన్నగా కారుతున్నంతసేపూ ఆ బూట్లు కదల్లేదు. స్టోర్ కీపర్ బయటికొచ్చి, జాకీ దించి, కారు నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే ముసలాయన డబ్బా చాపాడు. అడిగి తీసుకున్న ఆయిల్ వంక చూడనేలేదు. చక్రాల వంకే చూశాడు.

వెళ్లాక స్టోర్ కీపర్ చక్రాల నట్లన్నీ ఒక్కొక్కటే బిగించి చూసుకున్నాడు.

సాయంత్రం పక్కింటి ఎలక్ట్రీషియన్‌ని కదిలిస్తే మరిన్ని సంగతులు తెలిశాయి. ఆ ముసలాయన ఆదివారం ఆదివారం వీధులన్నీ తిరుగుతాడట. ఎవరైనా కారు కింద దూరితే చాలు, పక్కన వాలిపోతాడట. మోటారు సైకిల్ ఆయిల్ ఇస్తామంటే మాత్రం వద్దంటాడట.

"అంటే కార్లే కావాలన్నమాట," అన్నాడు స్టోర్ కీపర్.

ఆ రాత్రి అన్నం సయించలేదు అతనికి. పాత ఆయిల్ వడగట్టి కొత్త డబ్బాల్లో పోసి అమ్ముతాడనుకున్నాడు కాసేపు. కాదు, ఏ ఇంట్లో ఏ కారుందో ఎవరికో చేరవేస్తున్నాడనుకున్నాడు. ఏది నిజమో తేలకపోయినా, రెండూ కలిపి వీధంతా చెప్పాడు. వీధి నమ్మింది.

నాలుగు నెలలకి మళ్లీ ఆయిల్ మార్చే రోజొచ్చింది.

ఇంజన్ని అయిదు నిమిషాలు తిప్పి వేడిచేసి, ఎడమవైపు జాకీ ఎత్తి, కుడివైపునుంచి కిందికి జారాడు. ఈసారి బోల్టు మొండికేసింది. ఊపిరి బిగబట్టి లాగుతుంటే అటుపక్క గోనెసంచి నేలమీద ఈడ్చిన చప్పుడు.

తలతిప్పి చూశాడు. జాకీ పక్కన ఓ ముడతల చెయ్యి.

ఒక్క ఉదుటున బయటికొచ్చి కారు చుట్టూ తిరిగి వెళ్లాడు. ముసలాయన మోకాళ్ల మీదనుంచి లేస్తున్నాడు. గోనెసంచి ఖాళీగా చేతికి వేలాడుతోంది.

"జాకీ దగ్గర నీకేం పని?"

"ఏం లేదు బాబూ. చూస్తున్నానంతే."

"ఏం చూస్తున్నావ్? ఎలా ఊడదీయాలనా?"

ముసలాయన ఖాళీ సంచి మడతపెట్టాడు. "బోల్టు విప్పేదాకా ఉండనివ్వండి. తర్వాత మీరు పొమ్మనకుండానే పోతాను," అన్నాడు.

ఇంకోసారి ఈ వీధిలో కాలుపెడితే పోలీసులకి పట్టిస్తానన్నాడు స్టోర్ కీపర్. అప్పటికే ఎలక్ట్రీషియన్, మరో ఇద్దరు గేట్ల దగ్గరికొచ్చారు. ముసలాయన వాళ్లందరినీ ఓసారి చూసి, తలవంచుకుని నడిచాడు. మలుపు తిరిగేలోపు రెండుసార్లు వెనక్కి చూశాడు. దొంగబుద్ధి కాకపోతే అన్నిసార్లు ఎందుకు చూస్తాడనుకున్నాడు స్టోర్ కీపర్.

కోపం దిగకుండానే మళ్లీ కారు కిందికి దూరాడు. చక్రం వెనకవైపు చూడనేలేదు. స్పానర్‌ని రెండు చేతులా పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు.

జాకీ ఒరిగింది.

కారు కిర్రుమని కిందికొచ్చింది. ఎక్కడో ధన్‌మని చప్పుడైంది. వేడి ఇనుము అతని చొక్కా గుండీని తాకి, అక్కడే ఆగిపోయింది.

పాక్కుంటూ బయటికొచ్చి చూస్తే, చక్రం వెనక, కారు అంచు కింద, జానెడు మందాన ఓ చెక్కదిమ్మ. కారు మొత్తం దాని మీద ఆనుకుని ఉంది.

మలుపు దాకా పరిగెత్తాడు. వీధి ఖాళీగా ఉంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెతికాడు. పేరు అడిగి ఉంటే కదా, ఎవరినైనా వాకబు చేయడానికి. కాన్వాసు బూట్ల ముసలాయన అంటే నవ్వారు కొందరు. ఇంకో వీధిలో ఒకావిడ, ఆ దొంగవాడేనా అంది. ఆ మాట తన నోటినుంచి బయల్దేరి అంతదూరం నడిచిందని అతనికి తెలుసు.

ఏడోవారం, పాత ఆయిల్ డ్రమ్ములకెత్తే షెడ్డొకటి కనబడింది. షెడ్డు నడిపే ఆవిడ గుర్తుపట్టింది.

"ఆయనా? వారం వారం తెచ్చి ఆ డ్రమ్ములో పోసి, చేతులు కడుక్కుని వెళ్లిపోయేవారు. ఈ ఆయిల్‌తో ఆయనకేం పని సార్, కార్ల పక్కన నిలబడ్డానికి ఒక వంక కావాలిగా."

ఇప్పుడెక్కడుంటారని అడిగాడు స్టోర్ కీపర్.

"పోయిన నెల పోయారు. నిద్రలోనే."

అతను డ్రమ్ము అంచు పట్టుకున్నాడు. ఆయనెవరండీ అన్నాడు.

ఆవిడ చేతిగుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "చేతికందొచ్చిన కొడుకు ఇంటిముందే ఆయిల్ మారుస్తూ కారు కింద ఉండిపోయాడు సార్, ఆ రోజు జాకీ ఎత్తిపెట్టి, దిమ్మ తెస్తానుండమని లోపలికి వెళ్లింది ఈయనే."