ఈల వేశాక

విపత్తు సహాయక సిబ్బందికి శిక్షణ ఏర్పాట్లు చూసేది నేనే. ఈసారి తొమ్మిది దేశాల వాళ్లొచ్చారు. అందరిలోకీ ఆ పొడుగాయన మీదే నాకు అనుమానం.

కూలిన ఇంటి కింద బాధితుడిలా పడుకోమంటే ఎవరూ ముందుకు రారు. ఈయన మాత్రం మూడు రోజులుగా "నేను పడుకుంటానండీ" అని చెయ్యెత్తుతున్నాడు. పని ఎగ్గొట్టే ఎత్తు కాకపోతే మరేమిటి?

మా పద్ధతి ఇదీ. నేను ఈల వేయగానే పైన అందరూ ఊపిరి బిగబట్టి వినాలి. లోపలున్నవాళ్లు పైపు మీద మూడు దెబ్బలు కొట్టాలి. మూడు రోజులూ ఈల వేశాను. ఒక్క దెబ్బ వినపడితే ఒట్టు! ఇవాళ కూడా చివరికి ఆయనే దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"హాయిగా కునుకు తీశారా?" అన్నాను, అందరి ముందే.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, లోపల రికార్డు చేసింది వినిపించాడు.

నా ఈల. ఆ వెంటనే టంగ్, టంగ్, టంగ్.

ఆ దెబ్బల్ని మింగేస్తూ పైనుంచి ఒకే ఒక్క గొంతు: "నే చెప్పలేదూ? గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు మహానుభావుడు!"

ఆ గొంతు నాదే.

"మొదటిరోజు ఏదో పొరపాటేమో అనుకున్నానండీ," అన్నాడాయన మెల్లగా. "రూఢి చేసుకుందామని రోజూ నేనే పడుకున్నాను."