ఎడమ బొటనవేలు

"చూడకుండా సీసా ఇవ్వను," అంది నూనె పెద్దమ్మ. "నొప్పి నీదే, కాదనను. తేడా వస్తే పేరు పోయేది నాది."

దర్జీ ముఖం చిన్నబోయింది.

"చూడ్డానికేముంది పెద్దమ్మా! ఎడమ బొటనవేలు. ఎవరో పట్టుకుని మెలితిప్పుతున్నట్టు ఉంటుంది. ఆ వావిలాకు నూనె కాస్త ఇస్తే ఇంటికెళ్ళి రాసుకుంటా."

"వాపుందా?"

"లేదు."

"పుండు గానీ, పగులు గానీ?"

"అబ్బే, లేవు."

"మరి కొత్త పెళ్ళికూతురిలా ఆ సిగ్గేంటయ్యా? పుండు మీద పడిందంటే ఈ నూనె భగ్గుమంటుంది. అన్ని నొప్పులకూ పనిచేస్తుందని ఎవడైనా చెబితే నమ్మకు."

దర్జీ తల దించుకున్నాడు. ఈ నొప్పి సంగతి ఎవరి దగ్గర ఎత్తినా ఇదే తంతు. డాక్టరు మాత్రలు రాసిచ్చి, దాని గురించి ఆలోచించడం మానెయ్యమన్నాడు. బావమరిదైతే పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటినుంచి నోరు కుట్టేసుకున్నాడు. తొక్కుడు మిషన్ అమ్మేసి మోటారుది కొనుక్కున్నాడు. తలుపు వేసుకుని, పళ్ళ బిగువున ఓర్చుకుంటూ, ఊరివాళ్ళ చొక్కాలకు గుండీలు కుడుతుంటాడు. 'అబ్బా' అన్నా ఏమైందని అడిగే మనిషి ఆ గదిలో లేడు.

ఈవిడ కూడా నవ్విందంటే ఇక చెప్పుకునే దిక్కు లేదు.

పెద్దమ్మ అతని మణికట్టు లాక్కుని ఒక్క చుక్క నూనె అద్దింది.

"దద్దురు లేస్తుందేమో చూడాలి. కూర్చో."

దద్దురు లేవలేదు.

"నీ ఒంటికి పడుతుందిలే. ఊఁ, ఇప్పుడు చూపించు. నేనేం కొరుక్కుతినను."

వెళ్ళిపోదామని లేచాడు. మళ్ళీ కూలబడ్డాడు. వీధివైపు ఒకసారి చూసి, పంట్లాం పైకి మడిచి, పట్టీలు విప్పాడు. కళ్ళు గట్టిగా మూసుకుని నవ్వు కోసం కాచుకున్నాడు.

నవ్వు వినపడలేదు. పీట దగ్గరికి జరిగిన చప్పుడైంది. వావిలాకు వాసన గుప్పున కొట్టింది.

"ఇక్కడేనా నాయనా?"

దర్జీ కళ్ళు తెరిచాడు.

"ఇంకొంచెం కిందికి, పెద్దమ్మా."

విప్పిన కొయ్యకాలిని గోడకు ఆనించి, మోకాలి కింద ఏమీ లేని ఆ చోట, నూనె అరచేతిని గాలిలోనే ఇంకొంచెం కిందికి దించి, పెద్దమ్మ మెల్లగా రుద్దసాగింది.