కప్పని అద్దం

"టీవీకి కప్పావా?" వంటింట్లోంచి అడిగింది సాఫ్తా.

"కప్పానత్తా. నీ పెళ్ళినాటి దుప్పటే."

"అది చిరుగుల దుప్పటి కదే. చిరుగుల్లోంచి తొంగిచూస్తే?"

"చిరుగులు వెనక్కి తిప్పాను. నీ కోడలికి ఆ మాత్రం తెలివి లేదనుకున్నావా?"

"ఉంటే ఇంతదాకా ఎందుకొచ్చేది?"

రోదికా ఇంకో దుప్పటి మడత విప్పింది. చావొచ్చిన ఇల్లది. నిన్ననే గోతిలో మట్టి పోసి వచ్చారు. ప్రాణం గడప దాటేదాకా ఇంట్లో మొహం కనిపించే వస్తువేదీ తెరిచి ఉంచకూడదు. ఉంచితే పోయే ప్రాణం అందులో చిక్కుకుంటుంది. చిక్కుకున్నది ఒంటరిగా ఉండలేదు. ఆ ఇంట్లో తనకు ఎవరు ముద్దో వాళ్ళని పిలుచుకుంటుంది. ఇజా లోయలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు.

నాలుగేళ్ళ కూతురు ఇలింకాకు నిన్నటినుంచి ఒళ్ళు కాలిపోతోంది. మందు కోసం రోదికా మొగుడు గవ్రిల పట్నం పోయాడు. మంచు కురుస్తున్నా, చావింటి మగవాళ్ళు నలభై రోజులు టోపీ పెట్టరు కనుక, వట్టి తలతోనే పోయాడు. తలుపు పక్కన మేకుకి మామ తోదేర్ గొర్రెతోలు టోపీ వేలాడుతోంది. చావు జరిగినప్పటినుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు.

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అయినా పెద్దగదిలో కొవ్వొత్తి మంట వంటింటి వైపు వంగి వెలుగుతోంది, ఎవరో లోపలికి పీలుస్తున్నట్టు.

"మంట నిలబడిందా?" అడిగింది సాఫ్తా.

"లేదు."

"అయితే ఇంకా ఎక్కడో తెరిచే ఉంది. ఫోను?"

"సొరుగులో బోర్లా పెట్టాను."

"పిల్ల ఆడుకునే ఆ పలకలాంటిది?"

"దిండు గలీబులో దూర్చాను."

సాఫ్తా నిట్టూర్చింది. "మా అత్త పోయినప్పుడు ఈ ఇంట్లో ఒకటే అద్దం, అరచేతంత. ఒక తువ్వాలు చాలింది. మా మామ పోయేనాటికి టీవీ వచ్చింది. దానికీ దుప్పటి కప్పానని ఊరంతా నవ్వారు. ఆయన మాత్రం హాయిగా వెళ్ళిపోయాడు. ఇప్పుడు మీరు అద్దాలు జేబుల్లో వేసుకుని తిరుగుతున్నారు. ఇంట్లో ఏది కొన్నా దానికో నల్ల కన్ను. బీరువాలో గుడ్డలు ఏం సరిపోతాయే?"

"నువ్వు పాతకాలం దానివి, నీకన్నీ కళ్ళలాగే కనిపిస్తాయి."

"కనిపిస్తాయి మరి."

పక్కగదిలోంచి ఇలింకా సన్నగా పిలిచింది. "అమ్మా, నానమ్మ రమ్మంటోంది. వెళ్ళనా?"

రోదికా చేతిలో దుప్పటి జారిపోయింది. "వద్దు తల్లీ. కదలకుండా పడుకో." తర్వాత వంటింటి గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "పిలిచావా?"

"ఏమోనే. పిలిచానేమో. ముద్దులపిల్ల కదా, నోరు ఆగదు."

రోదికా లోపలికి వచ్చి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అత్త మొహం చూడాలంటే భయంగా ఉంది. బల్లమీద చావింట పంచే రొట్టెల కోసం కలిపిన పిండి ఎండి పగిలింది. పోయినేడు గవ్రిల కరెంటు ఓవెన్ కొన్నప్పుడు, నిప్పు కనిపించని పొయ్యి కూడా ఒక పొయ్యేనా అని సాఫ్తా నెలరోజులు కొడుకుతో మాట్లాడలేదు. పెరట్లో మట్టిపొయ్యి దగ్గరే పొగలో కూర్చుని రొట్టెలు కాల్చింది.

"ప్రాణం పోయింది ఎక్కడే?" అంది సాఫ్తా.

"నీకు తెలీదా?"

"నీ నోటితో చెప్పు."

"ఇక్కడే. ఈ వంటింట్లోనే."

"మరి ముందు వెతకాల్సింది ఎక్కడ?"

"వంటింట్లో అద్దం లేదు కదత్తా."

"లేదా?"

కిటికీ బయట మంచు మట్టిపొయ్యిని సగం కప్పేసింది.

"పెళ్ళై వచ్చిననాడు నీకు పిండి కలపడం కూడా రాదు," అంది సాఫ్తా. గొంతులో వెటకారం లేదు. "తల్లి లేకుండా పెరిగావు, నేర్పేవాళ్ళెవరు? చేతిమీద గరిటెతో కొట్టి నేర్పాను. నొప్పెట్టిందా?"

"పెట్టింది."

"ఆ రొట్టె ఎలా వచ్చింది?"

"రాయిలా వచ్చింది. అయినా నువ్వు రెండు ముక్కలు తిన్నావు."

"పళ్ళూడిపోయినంత పనైంది." సాఫ్తా నవ్వింది. "నువ్వు మతిమరుపు మనిషివి కావే. గుడ్డ కప్పడం మరిచిపోవు. ఎందుకు వదిలేశావు?"

రోదికా బల్లమీద ఎండిన పిండి పెళ్ళను గిల్లింది. "పొద్దున లేస్తే నన్ను తిట్టేదెవరు మరి?"

"పిచ్చిదానా."

"నలభై రోజులైనా ఉంటావనుకున్నాను. తర్వాత కప్పుదామనుకున్నాను."

"పిల్ల నలభై రోజులు ఆగుతుందా?"

పక్కగదిలో మంచం కిర్రుమంది. చిన్న పాదాలు నేలమీద ఆనిన చప్పుడు. "వస్తున్నా నానమ్మా," అంది ఇలింకా, నిద్రలో ఉన్నట్టు.

రోదికా దిగ్గున లేచింది. "పిలవకత్తా."

"నా చేతిలో లేదే. త్వరగా కానీ." సాఫ్తా తొందరపెట్టింది. "పిండిలో ఉప్పు వెయ్యడం మరిచిపోకు. నలభై రోజులూ అయ్యాక ఆ టోపీ నువ్వే తీసి ఇవ్వు. చలికి మీ మామ చెవులు ఆగవు."

"ఇస్తాను."

"ఇటు తిరుగు. ఒక్కసారి చూసుకోనీ."

పాదాల చప్పుడు వంటింటి గుమ్మం దాకా వచ్చింది. రోదికా ఇటు తిరిగింది.

ఆ ఖాళీ వంటింట్లో ఆమె తన తలగుడ్డ విప్పి, ఓవెన్ అద్దంలోని అత్త ముఖం మీద కప్పింది.