పరదాకు ఇవతల

నొప్పి ఒకరిదైనప్పుడు భయం ఇంకొకరికి ఎట్లా అంటుకుంటుంది?

జహీరాబాదు జనానా దవాఖానలో, పరదాకు ఇవతల వేసిన బల్ల మీద కూర్చుని మహాదేవప్ప తనను తానే ప్రశ్నించుకున్నాడు. పరదాకు అవతల అతని భార్య నీలమ్మ ఉంది. ఆమెకు రొమ్ముల్లో నొప్పి. అది రాచపుండేనని తనకు తానే తీర్మానించుకొని, ఆమె పొద్దుటినుంచి పొయ్యి కూడా వెలిగించలేదు. కాదని చెప్పడానికి అతని దగ్గర ఆధారం లేదు. ఔననడానికి ధైర్యం లేదు.

బల్ల అవతలి కొసన, మోకాళ్ళ మందు కోసం ఝరాసంగం నుంచి వచ్చిన ముసలి ఎల్లమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"సావుకారీ, గిది ఆడోళ్ల దవాఖాన. నీకేమొచ్చింది?"

"నాకేం లేదవ్వా. మా ఇంటామెను తోల్కొచ్చిన."

"లేకుంటే మంచిదే గని, జర అటు జరుగు. నువ్వు ముందల కూసుంటే నా వంతు నీకు పోతది."

మహాదేవప్ప జరిగాడు. ఇష్టలింగం దాచిన, మెడలోని వెండి లింగకాయ చొక్కా లోపల ఎడమపక్కకు జారింది. చిన్ననాటి నుంచి మెడలోనే ఉన్నది. ఏళ్ళ ఒరిపిడికి అక్కడ కాయ కాసిందని ఈ మధ్య దాన్ని కుడివైపున ఉంచుకుంటున్నాడు. ఇప్పుడూ అలవాటుగా సర్దుకున్నాడు.

పరదా వెనుక డాక్టర్ నఫీసా గొంతు వినిపించింది. వారానికొకసారి బీదరు నుంచి రైల్లో వచ్చి ఆడవాళ్ళను చూసి పోతుందామె.

"నొప్పి ఒక దిక్కా, రెండు దిక్కులా?"

"రెండు దిక్కుల అమ్మా. రాయి కట్టినట్లు బరువు."

"నెల దగ్గర పడ్డప్పుడేనా?"

"గప్పుడే. నెలొచ్చినంక ఎటు పోతదో ఏమో."

మహాదేవప్ప గోడ మీది పంచవర్ష ప్రణాళిక బొమ్మ వైపు ముఖం తిప్పుకున్నాడు. ఇవి తాను వినకూడని మాటలని తెలుసు. వినకుండా ఉండటం ఎట్లాగో మాత్రం తెలియలేదు.

"చెయ్యి మీదికెత్తు. ఇంకో చెయ్యి. మంచిది. చర్మం గుంజినట్లు లేదు, చనుమొన లోపటికి పోలేదు. రవికకు నెత్తుటి మరకలేమన్న అంటుతున్నయా?"

ఏడుపులోనే నీలమ్మ నవ్వింది. "నా రవికకేం లేదమ్మా. మరకలన్ని మా ఇంటాయన బనీనుకే. ఆకు వక్క నములుకుంట మీద కార్చుకుంటడు. ఎంత రుద్దినా పోవు. ఉతకలేక సస్తున్న."

ఎల్లమ్మ పకపకా నవ్వింది. "ఇంటున్నవా సావుకారీ? నీ బండారం లోపట బయటపడ్డది!"

అతడు కూడా నవ్వబోయాడు. ఆ నవ్వు ఎందుకో సగంలోనే ఆగిపోయింది.

"ఫికర్ చెయ్యకు," అంటున్నది డాక్టరమ్మ. "గిది రాచపుండు కాదు. చానమందికి నెల ముందల గిట్లనే సలుపుతది. వేడి బట్టతోటి కాపుకో, పట్టుగుండే రవిక తొడుక్కో. గని ఒక్క మాట యాదికుంచుకో. ఒక్క దిక్కే, ఒక్క తావులనే నొప్పి విడువకుండ ఉంటే రా. జ్వరమొచ్చి ఎర్రగ వాస్తే రా. చేతికి గడ్డ తగిలితే ఆ దినమే రా."

"నొప్పి లేకున్ననా?"

"నొప్పి లేకుంటే ఇంక జల్ది రా. రాచపుండు మొదట్ల చాన మటుకు నొయ్యదు. గట్టిగ, కదలకుండ కూసుంటది. మొనను లోపటికి గుంజుతది, నెత్తురు కారుస్తది. నొప్పి లేదు గదా అని మంది ఇంట్లనే ఉంటరు. ఆఖరుకు వస్తరు."

మహాదేవప్పకు అంతా తలకిందులైంది. నొప్పి ఉన్నచోట రోగం లేదన్నారు. మరి నొప్పి లేనిచోట ఏముంది? ఇన్నాళ్ళు తాను నెమ్మది అనుకున్నది నెమ్మదేనా? శరీరం మౌనంగా ఉన్నదా, లేక అది చెబుతూనే ఉంటే వినడం తనకు చేతకాలేదా? ప్రశ్నలు ఒకదాన్నొకటి తోసుకొని వచ్చాయి.

పరదా కదిలింది. నీలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆ ముఖంలో పొద్దుటి భయం మచ్చుకైనా లేదు.

"లేవున్రి. ఏం లేదట! టాంగావాడు పోతడు మల్ల. పొద్దటిసంది మీరు గూడ తినలేదు, పోంగనే రొట్టెలు చేస్త."

అతడు లేవలేదు. "నొప్పి లేకున్నా రమ్మన్నది గదా?"

"నాకు గడ్డే లేదన్నది. మల్ల గదే పట్టుకుంటరేంది? సంతోషపడాల్నా వద్దా?"

"నాకు సంతోషమే," అన్నాడతడు. అది నిజమే. అయినా అతని చూపు పరదా మీదినుంచి కదలలేదు.

"ఎవరున్నరు? రాండ్రి," లోపలినుంచి డాక్టరమ్మ పిలిచింది.

ఎల్లమ్మ కర్ర ఊతంగా లేవబోయింది. ఆమెకంటే ముందే మహాదేవప్ప లేచి, రెండంగల్లో పరదా దగ్గరికి నడిచాడు.

"ఓ సావుకారీ! ఎటు పోతున్నవ్? అది ఆడోళ్ల జాగ!" ఎల్లమ్మ కేక పెట్టింది.

"ఏమైంది మీకు?" నీలమ్మ అతని భుజం పట్టుకుంది.

అతడు ఆ చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. లింగకాయను పిడికిట పట్టుకొని, రెండో చేత్తో చొక్కా గుండీలు విప్పుకుంటూ పరదా దాటాడు.

"డాక్టరమ్మా, ఇది ఒరుసుకొని ఎడమ రొమ్ముల కాయ కాసిందనుకున్న. నొప్పి లేదు. బనీను మీది మరకలు ఆకు వక్కవి గావు. జర చూడున్రి."