ముక్కు దిబ్బడ

"అబ్బ! ఏం లవంగనూనె వాసనమ్మా, వీధి చివరికే కొడుతోంది!" చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, భర్త వెనకాలే నా పళ్ళ క్లినిక్‌లోకి వచ్చింది బస్సు డ్రైవరుగారి భార్య.

ఆయన కుర్చీలో వాలి నోరు తెరిచాడు. ఆయన తినేవీ, మింగే మాత్రలూ అన్నీ ఆవిడే గడగడా చెప్పేసింది.

దవడ ఎముకలో స్క్రూ బిగించి ఆయనకి ఇంప్లాంట్ పన్ను పెట్టింది నేనే. ఇప్పుడు చిగుళ్ళు నొక్కితే చీము వచ్చింది. ఎక్స్‌రేలో స్క్రూ చుట్టూ ఎముక సగం కరిగిపోయి ఉంది.

"నొప్పేం లేదు డాక్టరమ్మా," అన్నాడాయన.

"ఇది చాలామందికి నొప్పి పెట్టదు బాబాయ్. నోరు మాత్రం కంపు కొడుతుంది. మన నోటి కంపు మనకి తెలీదు, పక్కన పడుకునేవాళ్ళకే ముందు తెలుస్తుంది."

నేను పెట్టిన పన్ను నా కళ్ళముందే ఊగుతుంటే చిర్రెత్తుకొచ్చి ఆవిడ వైపు తిరిగాను. "ఇన్నాళ్ళూ మీకు వాసనే రాలేదా పిన్నీ?"

అంతసేపూ వాగిన మనిషి, "ఆయన పడుకునేది ముందు గదిలో..." అంటూ ఆగిపోయింది.

ఆయన తన నోట్లో నేను పెట్టిన దూది లాగేసి గబుక్కున అందుకున్నాడు.

"దాన్నేం అనకమ్మా. దానికి ఏళ్ళ తరబడి ముక్కు దిబ్బడ. ఏ వాసనా తెలీదు పాపం."

ముక్కు మీదున్న రుమాలు మెల్లగా ఆవిడ కళ్ళ మీదికి జరిగింది.